జంట తుమ్ము

పోయినవారం సీతామహాలక్ష్మిగారిని హాలు గుమ్మంలో స్టూలెక్కించి, చేతిలో ఉతకడానికి ఊడదీసిన కర్టెనుతో, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా అలాగే వదిలేసి వచ్చాం. పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులు, పైగా షుగరు. షుగరు పరీక్షకి వెళ్ళాల్సిన రోజున మాత్రం ఆవిడకి తప్పకుండా ఏదో ఒక వ్రతం వచ్చిపడుతుంది, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆవిడని కిందికి దింపాలి.

దిగింది. కర్టెను సోఫా మీద పడేసి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ గుడ్డని మళ్ళీ దూరం నుంచే వాసన చూసింది. సందేహం లేదు, ముక్కుపొడుం. వాళ్ళ నాన్న బొడ్లో ఎప్పుడూ పొడుం డబ్బీ ఉండేది. చిన్నప్పుడు ఆయన కండువా ఉతికినప్పుడల్లా ఇదే వాసన, ఇవే కళ్ళనీళ్ళు. కానీ ఈ ఇంట్లో పొడుం అలవాటున్న మనిషి ఒక్కరూ లేరు. మరి కర్టెనుకి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు ఈ అలవాటు?

కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆవిడ భర్త మిర్చి కోదండరామయ్యగారంటే తిరువూరులో తెలియనివాళ్ళు తక్కువ. ఎ.కొండూరు నుంచి, పెనుగొలను నుంచి రైతులు బస్తాలు తెచ్చి ఆయన కొట్టు ముందు దించుతారు. ఆయన ఒక కాయ తీసి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు తెరిచేటప్పటికి సరుకు ఎన్నో కోతది, ఎక్కడ ఎండింది, తేమ ఎంత, అడుగున రంగు పోయిన తాలుకాయ కలిపారా లేదా, అన్నీ చెప్పేస్తాడు. ఆ ముక్కు మాటకి ఎదురు లేదు. ఆ ముక్కు వెనకాల ఉన్న ఊపిరితిత్తుల సంగతే ఎవరూ పట్టించుకోలేదు. నలభై ఏళ్ళపాటు మిర్చి దుమ్ము పీల్చి పీల్చి అవి అరిగిపోయాయి.

పోయిన కార్తీకంలో ఆయనకి మామూలు జలుబు చేసింది. జలుబు దగ్గయింది, దగ్గు జ్వరమైంది, చివరికి నిమ్ము చేసి బెజవాడ ఆస్పత్రిలో ఆక్సిజను పెట్టేదాకా వెళ్ళింది. బతికి ఇంటికొచ్చాడు. ఊళ్ళో డాక్టరు సుప్రజ ఈ దసరా అయిన వెంటనే కబురు పెట్టి పిలిపించి మరీ చెప్పింది. చలి ముదరకముందే రెండు టీకాలు వేయించాలట, ఒకటి ఫ్లూ జ్వరానికి, అది ఏటా వేయించాల్సిందే, రెండోది నిమ్ము రాకుండా. ఆయన్ని బయట కూర్చోబెట్టి సీతామహాలక్ష్మితో ఇంకో మాట కూడా చెప్పింది. మళ్ళీ నిమ్ము వస్తే ఆ ఊపిరితిత్తులు తట్టుకోలేవమ్మా అని. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆవిడకి ఇంట్లో ఎవరు దగ్గినా గుండె ఝల్లుమంటోంది.

ఆయన కాదనలేదు. కాదనకపోవడమే ఆయన తెలివి. తలూపాడు, బట్టలు మార్చుకున్నాడు, బయల్దేరాడు. ఆ ఇంట్లో ఎవరు ఏ పని మీద బయల్దేరినా ఒక ముత్తయిదువ నీళ్ళచెంబుతో ఎదురు రావాలి. మొదటిసారి పనిమనిషి రావమ్మ ఎదురొచ్చి, కర్టెను తీసీ తీయగానే తుమ్మింది. అపశకునం అంటూ ఆయన కూర్చుండిపోయాడు. కూర్చుని, నీళ్ళు తాగి, నిట్టూర్చేటప్పటికి రాహుకాలం దాపురించింది. రెండోసారి పక్కింటావిడ ఎదురొచ్చింది, ఆవిడా తుమ్మింది. మూడోసారి కోడలు నాగలత ఎదురొచ్చింది, తనూ అంతే. ప్రతిసారీ ఆయన నా ప్రాప్తం ఇంతే అని మొహం దిగాలుగా పెట్టేవాడు. ఆ తర్వాత, బండి ఎటూ తీశారు గనక నెమలి ఊరెళ్ళి గుళ్ళో వేణుగోపాలస్వామిని చూసొద్దాం అనేవాడు. ఆ ప్రయాణానికి మాత్రం తుమ్ము అడ్డం రాలేదు. సీతామహాలక్ష్మికి అప్పుడే తట్టాల్సింది. దేవుడి పేరు చెప్పాడు కదా అని ఊరుకుంది.

ఇప్పుడు సోఫా మీద కర్టెను చూస్తూ కూర్చుంటే అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. అసలు ఇది తుమ్మే కొంపా? కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ తుమ్మని రోజు లేదు. అప్పుడు కింద కొట్టు, పైన ఇల్లు. బస్తా దులిపితే వంటింట్లో పప్పు గరిటె చేతిలోంచి జారిపోయేది. ఏడాది తిరిగేసరికి ముక్కు రాటుదేలిపోయింది. నాగలతకీ అంతే, రావమ్మకీ అంతే. పక్కింటావిడ ఇరవై ఏళ్ళుగా ఈ ఘాటులోనే బట్టలారేసుకుంటోంది. మిరపకాయల్ని గుప్పెళ్ళ కొద్దీ విరిచినా చలించని ఆడవాళ్ళు నీళ్ళచెంబు పట్టుకుని గుమ్మం దాటేసరికి తుమ్మారంటే, అది శకునం కాదు. అది కోదండరామయ్యగారు.

మనసు భగ్గుమంది. ఆయనేమో కొట్లో కూర్చుని రైతులకి నీతులు చెబుతూ ఉండి ఉంటాడు, ఇక్కడ కర్టెనుకి పొడుం పట్టించి వెళ్ళాడు. డెబ్భై దాటిన మనిషి. సంఘంలో పెద్ద. సూది తప్పించుకోవడానికి బళ్ళో పిల్లాడు కూడా ఇంతకంటే మర్యాదైన పని చేస్తాడు.

నాగలతకి చెప్పింది. నాగలత ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చాక, సాయంత్రం మామయ్యగారు రాగానే కర్టెను ఎదురుగా పెట్టి అడిగేద్దాం అత్తయ్యా, అంది. సీతామహాలక్ష్మి ఒప్పుకోలేదు. ఆ మనిషితో నలభై ఆరేళ్ళు కాపురం చేసింది. ఎదురుగా పెడితే చీమల మందంటాడు, బొద్దింకల మందంటాడు, కొన్న షాపు పేరు కూడా చెబుతాడు. వెనకటి రోజుల్లో ఆయన ధర నోటితో చెప్పకుండా తువ్వాలు కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకుని బేరం చేసేవాడు. మొహం మీద ఏ భావమూ కనిపించదు, వేళ్ళు మాత్రం అవతలివాడి ప్రాణం తీస్తాయి. అలాంటివాడితో బేరం కుదరాలంటే మనమూ తువ్వాలు కప్పుకోవాల్సిందే.

కర్టెను జాగ్రత్తగా మళ్ళీ తగిలించింది. సోఫా మీద రాలిన పొడుం చీపురుపుల్లతో కూడదీసి, చిటికెడు కంటే కాస్త ఎక్కువే కొంగు చివర ముడి వేసుకుంది. శనివారం పొద్దున్నే మళ్ళీ డాక్టరు దగ్గరికి బయల్దేరాలని ఆ సాయంత్రం చెబితే, ఆయన సంతోషంగా తలూపి ఇంకో గరిటె పెరుగు వేయించుకున్నాడు.

శనివారం ఆయన అందరికంటే ముందు లేచాడు. స్నానం చేసి, గంజి పెట్టిన తెల్ల పంచె కట్టి, బొట్టు పెట్టుకుని, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఇంకా ఎంతసేపు అని అందర్నీ తొందరపెట్టడం మొదలెట్టాడు. డ్రైవరు అంతోనయ్య వాకిట్లో కారు స్టార్టు చేసి ఉంచాడు. కొడుకు శ్రీనాథ్ కొట్టు తెరవడానికి వెళ్ళిపోయాడు. ఈ తుమ్ముల గొడవలో తలదూర్చనని వాడు ముందే చెప్పాడు. సీతామహాలక్ష్మి పట్టుచీర కట్టుకుంది. ఎందుకంత ముస్తాబని ఆయన అడిగితే, ఎటూ నెమలి వెళతాం కదా అంది. ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. అక్కడేమీ కనిపించలేదు.

నాగలత నీళ్ళచెంబుతో వాకిట్లోంచి ఎదురొచ్చింది. కర్టెను పక్కకి తీసింది. తుమ్మింది.

కోదండరామయ్యగారి మొహంలో విచారం చూడాలి. నాలుక చప్పరించి, తల అడ్డంగా ఆడించి, సోఫాలో కూలబడ్డాడు. కాసిని మంచినీళ్ళు ఇమ్మన్నాడు. గోడ గడియారం వైపు చూసి, రాహుకాలం వచ్చేస్తోంది గదా అని గొణిగాడు.

సీతామహాలక్ష్మి గోడవైపు తిరిగింది. కొంగు ముడి విప్పి, నాన్నని తల్చుకుని, ఒక చిటికె పట్టింది. ఆ తుమ్ముకి గాజు అల్మరాలో కప్పులు గలగలలాడాయి. వాకిట్లో అంతోనయ్య కారు ఇంజను ఆపేశాడు.

"రెండు," అంది ఆవిడ ఇటు తిరిగి, ముక్కు తుడుచుకుంటూ. "జంట తుమ్ము. శుభం. ఇక లేవండి."

ఆయన లేవలేదు. జంట తుమ్మంటే ఒకే మనిషి తుమ్మాలన్నాడు. ఒక తుమ్ము ఇక్కడ, ఒక తుమ్ము అక్కడ ఏరుకొచ్చి జంట కడతామంటే శాస్త్రం ఒప్పుకోదన్నాడు. అత్తాకోడళ్ళది ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం, ఒకే గుమ్మం, ఇంకేం కావాలని ఆవిడ అడిగింది. గోత్రం ఒకటైనంత మాత్రాన ముక్కు ఒకటవుతుందా అని ఆయన. సరుకు రెండు బస్తాల్లో ఉన్నా రైతు ఒకడైతే ఒకే లాటు కింద కట్టరా అని ఆవిడ. వ్యాపారం సంగతి ఎత్తేసరికి ఆయన కాస్త తడబడ్డాడు. మిర్చికీ శకునానికీ పోలిక లేదని, పంతులుగారు చెబితేనే నమ్ముతానని తేల్చేశాడు.

నాగలత అప్పటికే పంతులుగారికి ఫోను కలిపింది, స్పీకరు పెట్టింది. ఆయన అంతా విని, ఏ పని మీద బయల్దేరారని అడిగాడు. టీకాకి అని చెప్పారు. వైద్యానికి వెళ్ళేటప్పుడు తుమ్ము పట్టింపే లేదు, ఒకటైనా రెండైనా నిక్షేపంగా వెళ్ళండి అని, నేనూ పోయినవారం ఆ డాక్టరమ్మ దగ్గరే వేయించుకున్నాను, ఒకరోజు జబ్బ నొప్పి పుట్టి హారతి ఎడమచేత్తో ఇవ్వాల్సొచ్చింది, అంతకుమించి ఏమీ కాలేదు అని కూడా చెప్పాడు. కోదండరామయ్యగారు ఫోనుకేసి నమ్మకద్రోహిని చూసినట్టు చూశాడు.

సరిగ్గా అప్పుడే అంతోనయ్య, బండి ఉంచమంటారా షెడ్డులో పెట్టమంటారా అని అడగడానికి లోపలికొచ్చాడు. వచ్చినవాడు కర్టెను తోసుకునే వచ్చాడు. ఆదివారం చర్చికెళ్ళే మనిషి, తుమ్ములు లెక్కపెట్టే అలవాటు లేదు. హాయిగా, గొంతు విప్పి తుమ్మాడు.

సోఫాలోంచి కోదండరామయ్యగారు లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోయింది. మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు. "మూడు," అన్నాడు. "బేసి. మీ పంతులుగారు రెండింటి దాకానే చెప్పారు."

ఆ ఆనందంలో ఆయన ఒక పొరపాటు చేశాడు. ఇన్నాళ్ళూ ఆ కర్టెనుకి ఆమడ దూరంలో కూర్చున్నవాడు, అంతోనయ్య భుజం తట్టి మెచ్చుకుందామని గుమ్మం దాకా నడిచాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. కర్టెను ఎగిరి ఆయన మొహానికి తగిలింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ముక్కు ఎగబీల్చాడు. ఆపుకుందామని రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు గానీ, ఊళ్ళోకెల్లా పేరుమోసిన ముక్కు అది, మోసం చేస్తే ఊరుకుంటుందా? తుమ్మాడు.

"నాలుగు," అంది నాగలత. ఆ పైన ఆపుకోలేకపోయింది. అంతోనయ్యకి విషయం తెలియకపోయినా అమ్మాయిగారు నవ్వుతుంటే తనూ నవ్వాడు. కోదండరామయ్యగారికి కూడా నవ్వొచ్చింది పాపం. నవ్వబోయాడు.

నవ్వు దగ్గయింది.

మొదటి దగ్గుని ఎవరూ పట్టించుకోలేదు. రెండోది దాన్ని తోసుకుంటూ వచ్చింది. తర్వాత ఇక తెరిపి లేదు. ఆయన నడుం వంచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, గాలి కోసం నోరు తెరిచాడు. ఛాతీలోంచి సన్నగా ఈల వేసినట్టు వినిపించింది. అంతోనయ్య పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. నాగలత పీల్చే మందు కోసం గదిలోకి పరిగెత్తింది. ఆ ఈల చప్పుడు సీతామహాలక్ష్మికి తెలుసు. పోయిన కార్తీకం అంతా అదే విన్నది. దేవుడా, నేనే చేశాను, ఆ కర్టెను ఉతికి పారేయాల్సింది, పౌరుషానికి పోయి మళ్ళీ తగిలించాను అనుకుంది. ఆయన వీపు నిమురుతూ నిలబడింది.

మందు పీల్చాక దగ్గు నెమ్మదించింది. మొహంలోకి రంగు తిరిగొచ్చింది. అంతోనయ్య కర్టెను ఊడదీసి, వేళ్ళ చివర్లతో పట్టుకుని, పెరట్లో బకెట్లో ముంచేసి వచ్చాడు.

సీతామహాలక్ష్మి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగు చివర విప్పి, మిగిలిన పొడుం చూపించింది. ఆయన చూశాడు. చీమల మందని అనలేదు. ఆవిడ మళ్ళీ ముడి వేసేసుకుంది.

"పోయిన కార్తీకంలో ఆ ఆస్పత్రి గదిలో మీరు నిద్రపోయారు," అంది. గొంతు పెంచలేదు. "నేను నిద్రపోలేదు. మీ ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒకటి పోయాక ఇంకోటి వస్తుందో రాదో అని. తెల్లారేదాకా అదే లెక్క. మళ్ళీ నా చేత ఆ లెక్క పెట్టించకండి."

ఆయన పంచె అంచు సరిచేసుకున్నాడు. సరిగ్గానే ఉన్న అంచుని మళ్ళీ సరిచేసుకున్నాడు. అంతోనయ్య అర్థం చేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నాగలత వెళ్ళినట్టు వెళ్ళి వంటింటి తలుపు వెనక ఆగింది.

"సూదికి కాదే నా భయం," అన్నాడు చివరికి.

"మరి?"

ఆయన చూపుడువేలు తీసి ముక్కు మీద పెట్టుకున్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కరోనా వచ్చి పోయినప్పుడు ఆయనకి వాసన పోయింది. అది అందరికీ తెలుసు, ఊళ్ళో చాలామందికి పోయింది, వచ్చింది. ఎవరికీ తెలియనిదేమిటంటే, అది తిరిగి రావడానికి ఆయనకి చాలా నెలలు పట్టింది, ఆ నెలలన్నీ ఆయన నటించాడు. కాయ విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏమీ తెలియక, రైతు మొహం చూసి తోచింది చెప్పాడు. ఒకసారి బూజు పట్టిన సరుకుని మేలురకమన్నాడు. పెనుగొలను రైతు, పెద్దమనిషి, ఆయన్ని పక్కకి పిలిచి, షావుకారుగారూ ఇది నా సరుకే, బాగాలేదు, మీరు పొరబడ్డారు అని మెల్లగా చెప్పి, బస్తాలు వెనక్కి ఎత్తించుకుపోయాడు. ఆ రోజు ఆయన కొట్టు వెనక గదిలో కూర్చుని ఏడ్చాడట.

టీకా అంటే ఆ రోగాన్నే కాస్త ఒంట్లోకి ఎక్కించడమని కొట్టు దగ్గర ఎవరో అన్నారు. జలుబు రోగం ఎక్కిస్తే ముందు పోయేది ముక్కే గదా అని ఆయన లెక్క వేసుకున్నాడు. మరి కరోనా టీకా వేయించుకున్నారుగా అని ఆవిడ అడిగితే, అప్పటికి వాసన ఎటూ లేదు, పోవడానికి ఏముందని ధైర్యంగా వేయించుకున్నానన్నాడు.

సీతామహాలక్ష్మికి కోపం రావాలో జాలి పడాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. ఇన్నేళ్ళూ పక్కనే పడుకుని ఈ మనిషి ఇంత దిగులు మోశాడు, తనకి చెప్పలేదు. "ముక్కు పోతుందని భయపడినవాళ్ళు," అంది, "ఇంటినిండా ముక్కుపొడుం చల్లారా?"

"నేను పీల్చలేదుగా," అన్నాడు ఆయన, అమాయకంగా.

"ఊపిరే ఆడకపోతే వాసన దేనితో చూస్తారండీ?"

ఆయన లేచి గదిలోకి వెళ్ళాడు. మళ్ళీ ఏం ఎత్తు వేస్తున్నాడో అని ఆవిడ వెనకే వెళ్ళింది. ఆయన శాంపిలు సంచిలోంచి ఒక ఎండుమిరపకాయ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. టీకాకి ముందొకసారి, తర్వాతొకసారి వాసన చూస్తానని, తేడా వచ్చిందంటే రెండోది వేయించుకోనని షరతు పెట్టాడు. ఆవిడ ఒప్పుకుంది. అప్పుడు రాహుకాలం నడిమధ్యలో ఉంది. గడియారం వంక ఎవరూ చూడలేదు.

డాక్టరు సుప్రజ బోసుబొమ్మ సెంటరు దాటాక ఉన్న చిన్న ఆస్పత్రిలో కూర్చుంటుంది. ఆయన భయం విని నవ్వలేదు. ఇందులో బతికున్న రోగమేమీ లేదు, చచ్చిన క్రిమి తాలూకు ముక్కలే, దొంగ ఫొటో పోలీసులకి చూపించి ఉంచడం లాంటిది, ఫొటో వచ్చి దొంగతనం చేయదుగా అంది. జబ్బ నొప్పి పుడుతుంది, ఒకరోజు ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు, టీకా వేసుకున్నా జలుబు అసలు రాదని చెప్పను, వచ్చినా బెజవాడ దాకా పోకుండా చూసుకునే బలం వస్తుంది అంది. ఛాతీకి గొట్టం పెట్టి చూసి, జ్వరం లేదని చూసుకుని, పొద్దుటి దగ్గు సంగతి అడిగింది. ఏదో దుమ్మండీ అన్నాడు ఆయన.

ఎడమ జబ్బకి ఫ్లూది వేసింది. ఆయన వెంటనే మిరపకాయ తీసి, విరిచి, కళ్ళు మూసుకున్నాడు. డాక్టరమ్మ, నర్సు, వరండాలో కూర్చున్న రోగులు అందరూ చూస్తున్నారు. సీతామహాలక్ష్మి ఊపిరి బిగబట్టింది.

"పెనుగొలను తేజ రకం," అన్నాడు కళ్ళు తెరవకుండా. "రెండో కోత. కోల్డు స్టోరేజిలో తలుపు పక్కన పెట్టిన బస్తా, కాస్త గాలి తగిలింది." కళ్ళు తెరిచి, రెండో జబ్బ తనే ముందుకు చాపాడు. నిమ్ముది వేస్తుంటే అటు చూడనైనా చూడలేదు. వరండాలో ఉన్న ఒకాయన కొట్లో తేజ ధర ఎంత ఉందని అడిగితే, సూది దిగుతుండగానే చెప్పాడు.

సీతామహాలక్ష్మి కళ్ళొత్తుకుంది. వేణుగోపాలస్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకుని, లేచి, సంచి భుజానికి వేసుకుంది.

"ఎక్కడికమ్మా?" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మీ వంతు."

ఆవిడకి అర్థం కాలేదు. నాకు దగ్గు లేదు, నేను మిర్చి కొట్టుకి పోను అంది. మీకూ అరవై దాటాయి, షుగరుంది, షుగరున్నవాళ్ళకి ఈ జబ్బులు ఇంకా తొందరగా ముదురుతాయి, ఆయనకెంత అవసరమో మీకూ అంతే అవసరం అంది డాక్టరమ్మ. ఈలోపు నర్సు ఇంకో సిరంజి తీసి ట్రేలో పెట్టింది. సీతామహాలక్ష్మి ఆ సూది చూసింది. సూది మామూలుదే. ఆవిడకి మాత్రం గోనెసంచులు కుట్టే దబ్బనమంత కనిపించింది.

ఇవాళ ఏదో వ్రతం ఉందంది. శనివారం ఏం వ్రతమని వెంట వచ్చిన నాగలత అడిగింది. మోకాలు నొప్పి అంది. జబ్బకి కదా వేసేది అన్నారు. వచ్చేవారం వస్తానంది. షుగరు పరీక్షల రోజున వ్రతాలెందుకు వచ్చిపడుతున్నాయో నాగలతకి ఆ క్షణంలో తెలిసిపోయింది. అత్తయ్యా, మీరా, అన్నట్టు చూసింది.

కోదండరామయ్యగారు రెండు జబ్బలూ నొక్కుకుంటూ లేచి వచ్చాడు. వెక్కిరిస్తాడని ఆవిడ సిద్ధపడింది. ఆయన వెక్కిరించలేదు. స్టూలు ఆవిడ వైపు జరిపాడు.

"నాకు తూకాలే వచ్చు సీతా," అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్పిన ఆ లెక్క నాకు రాదు. నా చేత పెట్టించకు."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. దూది చల్లగా జబ్బకి తగిలింది. వేళ్ళు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలని ఒళ్ళో వెతుక్కున్నాయి. కొంగు ముడి దొరికింది. నలిపింది. పొద్దున హడావుడిలో వేసిన ముడి, వదులుగా వేసింది. ఆవిడ కావాలని విప్పిందా, ముడి దానంతటదే విడిపోయిందా అంటే, నేను దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పలేను, ఆవిడా చెప్పలేదు.

పైన ఫ్యాను తిరుగుతోంది.

డాక్టరు సుప్రజ ఎత్తిన సిరంజి ట్రేలో పెట్టేసి, మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని, తుమ్మింది.

ఒక్కసారే.

సీతామహాలక్ష్మి ఒక కన్ను తెరిచింది. ఎదురుగా కోదండరామయ్యగారు ఆవిడ కొంగు వంకే చూస్తున్నాడు. ఆయన చూపుడువేలు ఒక్కటే పైకి లేచి ఉంది. నాగలత, నర్సు, తలుపు దగ్గరికొచ్చిన అంతోనయ్య, అందరూ డాక్టరమ్మ మొహం వంకే చూస్తూ రెండో తుమ్ము కోసం నిలబడ్డారు.